ధాన్యకటకము నుండి ఆమ్దో వఱకు

కోతలు ముగిసిన దినములలో మిర్యాలగూడ దారిని పోవువానికి బియ్యపు మిల్లుల ముంగిళ్లలో ధాన్యపు రాశులు చిన్న కొండలవలె కనిపించును. సూర్యాపేట నుండి మోతె మీదుగ ఖమ్మము పోవు బాట పక్కను, కోదాడ పొలిమేరలలోను అదే దృశ్యము. ఈ రాశులను మనము ఏటేట చూచుచునే యున్నాము; కాని హిమాలయముల కావల, లాసా నగరపు చెంతనున్న కొండవాలున, "ధాన్యరాశి" అను పేరుతోనే ఒక మహావిహారము ఆఱు శతాబ్దములుగ నిలిచియున్నదనియు, ఆ పేరు మన కృష్ణాతీరమందలి ధాన్యకటకమును స్మరించి పెట్టినదనియు మనలో ఎందఱెఱుగుదురు? ఆ విహారము పేరు డేపుంగ్. క్రీ.శ. 1416లో జామ్‌యంగ్ ఛోజే అను భిక్షువు దానిని స్థాపించెను. తథాగతుడు కాలచక్రతంత్రమును ధాన్యకటక స్తూపముకడనే ఉపదేశించెనని టిబెట్టు బౌద్ధుల విశ్వాసము. నేడు అమరావతి అని మనము పిలుచు ఆ స్థలముననే 2006 జనవరిలో పదునాలుగవ దలైలామా కాలచక్ర దీక్ష నొసగినపుడు, మంచుకొండల ప్రజలు వేలకు వేలుగ కృష్ణ యొడ్డున దిగుటకు కారణ మిదియే.

నేను చెప్పదలచినది ఆ విహారమును గూర్చి కాదు. దాని పేరును గూర్చి. ఆ పేరును టిబెట్టువారు వ్రాయునపుడు చూచిన, అందు "బ్రస్" అనియు "స్పుంగ్స్" అనియు రెండు మాటలు కనబడును. మొదటిదానికి ముందు అనునాసికమును సూచించు మఱియొక అక్షరము కూడ నుండును. బ్రస్ అనగా వరిబియ్యము. స్పుంగ్స్ అనగా కుప్పవోసినది. ఇన్ని అక్షరములను వ్రాసి, లాసా పౌరుడు తీరా పలుకునది "డేపుంగ్" అని మాత్రమే. రేఫము కరగి బకారముతో కలిసి డకారమైనది. సకారములు మూడును మాయమైనవి. పలుకని అక్షరములను వెయ్యేండ్లకు పైబడి ఎవరి కొఱకు వ్రాయుచున్నారు? ఈ ప్రశ్నకు సమాధానము లాసాలో దొరకదు. అక్కడికి ఈశాన్యముగ, నీలసరస్సు (చింగ్‌హాయ్ సరస్సు) చుట్టును గొఱ్ఱెలను, జడలబర్రెలను మేపుకొను జనుల నోట అది దొరకును. ఆ దేశము పేరు ఆమ్దో. వారి మాట ఆమ్దో భాష.

లిపి సంగతి ముందుగ తెలిసికొందము. క్రీ.శ. 7వ శతాబ్దమున స్రోంగ్‌చెన్ గంపో రాజు ఏలుబడిలో తోన్మి సంభోటుడను మంత్రి భారతదేశమునకు వచ్చి, ఇచ్చటి లిపిని నేర్చి, తన భాషకు ముప్పది హల్లులను నాలుగు అచ్చు గుర్తులను కూర్చెనని టిబెట్టువారు చెప్పుకొందురు. ఆ లిపికి మాతృక ఉత్తరదేశపు బ్రాహ్మి. మన తెలుగు లిపికి మాతృక దక్షిణదేశపు బ్రాహ్మి. సూర్యాపేట జిల్లాలోనే నాగారము మండలమందున్న ఫణిగిరి గుట్టమీద, ఇక్ష్వాకు రాజైన రుద్రపురుషదత్తుని పదునెనిమిదవ పాలనావర్షపు శాసనము బయల్పడినది కదా. ఆ శిలపై నున్న అక్షరములకును మూలమైన ప్రాచీన బ్రాహ్మికి మన ఓనమాలు ఒక వైపు మనుమలైన, టిబెట్టు అక్షరములు మఱియొక వైపు మనుమలు. కావుననే వారి వర్ణమాల కూడ "క ఖ గ ఙ" అనియే మొదలగును. తరువాత 9వ శతాబ్ది ఆరంభమున, సంస్కృత గ్రంథములను అనువదించుటకై రాజాజ్ఞచే పండితులు కూడి, సుమారు 9,500 పదములతో మహావ్యుత్పత్తి అను సంస్కృత టిబెట్టు పదకోశమును సిద్ధపఱచి, వర్ణక్రమమును స్థిరపఱచిరి. నాడు నోట పలికినదే చేత వ్రాసిరి. పిమ్మట నోరు మాఱినది, చేయి మాఱలేదు.

మాఱిన నోటిలో సైతము పాతధ్వని పూర్తిగ చావదు. అది ఎక్కడనో దాగియుండును. దీనికి నాకు మిక్కిలి యింపైన నిదర్శన మొకటి కలదు. లాసావారి లెక్కలో నాలుగు "షి", పది "చు". పదునాలుగనవలసి వచ్చిన "చుషి" అనరు, "చుప్‌షి" అందురు. నలుబదికి "షిచు" అనరు, "షిప్‌చు" అందురు. నడుమ నా పకార మెక్కడిది? నాలుగును "బ్‌ఝి" అని, పదిని "బ్‌చు" అని వ్రాయుదురు. మాట మొదట నిలువలేక జారిపోయిన బకారము, రెండు మాటలు కలిసినపుడు నడుమ ఆశ్రయము దొరకి మరల తల యెత్తినది. లాసాలో సంఖ్యలు చెప్పు ప్రతి శిశువును తనకు తెలియకయే పూర్వుల ఉచ్చారణను వల్లించుచున్నాడు.

ఇక ఆమ్దో మాటకు వత్తము. టిబెట్టు జనుల దేశమును వారు సంప్రదాయముగ మూడు భాగములుగ చెప్పుకొందురు: లాసా షిగచే పట్టణములు గల ఊ-చాంగ్, తూర్పున లోయల సీమయైన ఖామ్, ఈశాన్యమున ఆమ్దో. ప్రతిదానికిని వేఱు పలుకుబడి. ముగ్గురును తమది బోద్ (టిబెట్టు) భాషయే యందురు. ఒకే గ్రంథమును చదువుదురు. కాని లాసా వర్తకుడును ఆమ్దో కాపరియు మొదటిసారి కలిసినపుడు ఒకరి మాట ఒకరికి బోధపడుట కష్టము. అందుచేత భాషాశాస్త్రజ్ఞులు వీనిని మాండలికములనుటకంటె సోదరభాషలనుటయే యుక్తమని తలంతురు. ఆమ్దో మాటలాడువారు సుమారు 18 లక్షలని ఒక అంచనా. నేటి చైనా పాలనా విభాగములలో చింగ్‌హాయ్ రాష్ట్రమున అధికభాగమును, గాన్సు రాష్ట్రపు నైరుతి భాగమును, సిచువాన్ రాష్ట్రపు ఉత్తరపు అంచును ఆమ్దో భూమియే. పసుపునదికి పుట్టినిల్లు అచ్చటనే. దానిని వారు మాఛు అందురు. నీలసరస్సునకు వారి పేరు చో ఙోన్‌పో.

ఆమ్దో మాటలో ప్రథమముగ చెవిని తాకునది హల్లుల గుంపు. లాసాలో ఏడు "దున్", ఎనిమిది "గ్యే". ఆమ్దో కాపరి నోట ఆ రెంటికిని మొదట పెదవుల చప్పుడు, బకారమో వకారమో, స్పష్టముగ వినవచ్చును. వ్రాతలో వానికి బకారమే మొదట నున్నది. గుఱ్ఱమును "ర్త" అని వ్రాయుదురు. లాసా పౌరుడు "తా" అనును. ఆమ్దోలో కొన్నిచోట్ల "హ్తా" అనియు, కొన్నిచోట్ల "ర్తా" అనియు పలుకుదురు. రాజధానివారు పోగొట్టుకొన్న హల్లులకు బదులుగ స్వరభేదమును సంపాదించుకొనిరి. మట్టిని, తినుటను చెప్పు మాటలు రెండును లాసాలో "సా" యే. గొంతు హెచ్చించిన మట్టి, తగ్గించిన తినుట. ఆమ్దోలో ఈ గొంతు హెచ్చుతగ్గుల పని లేదు. హల్లులే నిలిచియుండగ స్వరముతో అవసరమేమి? అయినను ఆమ్దోలో సమస్తమును నిలిచినదనుట సత్యము కాదు. మాట చివరి సకారములు అచ్చటను పోయినవి. వ్రాతలోని గుంపులు కొన్ని అక్కడను కరగినవి. ఎక్కువ నిలిచినది అచ్చట, అంతే.

తెలుగువానికి ఈ విషయము పరాయిది కాదు. "మూఁడు" అని మన పెద్దలు అరసున్న పెట్టి వ్రాసిరి. ఆ అరసున్న పలుకుటకు కాదని బడిలో చెప్పిరి. మఱి ఎందుకని అడిగిన పిల్లవానికి సమాధానము దొరకలేదు. ఆదిలాబాదు అడవులలో గోండు పిల్లవానిని లెక్క చెప్పుమనుడు. మూడు వచ్చుచోట వాడు "మూండ్" అనును. తమిళుడు "మూన్ఱు" అనును. మన నోట చచ్చి అరసున్నగ మిగిలిన నకారము, గోండు నోట సజీవముగ నున్నది. ఆమ్దో కాపరి లాసా పండితునకెట్టివాడో, గోండు మనకట్టివాడు. చదువు అక్షరమును దాచిన, చదువులేని నోరు ధ్వనిని దాచినది.

ఆమ్దో భాషలోను తెగలు గలవు. గుడారములలో నుండి మందలను త్రిప్పుకొను వారిది "డోక్‌కే", అనగా పశుపాలకుల మాట. లోయలలో యవలు పండించు వారిది "రోంగ్‌కే", అనగా కృషీవలుల మాట. రెంటికిని నడుమ నిలిచిన పలుకులు కొన్ని. పశుపాలకుల మాట విశాలమైన బీళ్లలో అతిదూరము వఱకు దాదాపు ఒకే తీరున నుండును. గోలోగ్ సీమవాడు నీలసరస్సు కడ నున్నవానితో తేలికగ సంభాషింపగలడు. కృషీవలుల మాట లోయకొక తీరుగ మాఱును. చైనా ప్రజలతోను మంగోలులతోను ఇరుగుపొరుగుతనము వలన ఇతర భాషల పదములు కూడ అందు చేరినవి. ఆమ్దో సీమలలో రెబ్‌కొంగ్ చిత్రకారులకును, లాబ్రాంగ్ విహారమునకును పేరెన్నికగన్నవి. లాబ్రాంగ్ విహారము 1709లో వెలసినది. శాస్త్రములకు అది ఈశాన్యపు కాశి వంటిది.

ధ్వనులకంటె నాకు ఆశ్చర్యము గొలిపినది ఈ భాషలోని క్రియ. తెలుగువలెనే క్రియ వాక్యము చివరనే వచ్చును, విభక్తులు నామము వెనుకనే చేరును. కాని ఆ క్రియ చివర చెప్పువాని సాక్ష్యము కూడ ఉండవలెను. జరిగినదానిని కన్నులార చూచి చెప్పుచున్నాడా, ఆనవాలు చూచి ఊహించుచున్నాడా అను విషయమును క్రియాప్రత్యయమే వెల్లడించును. చూచినదానికి "థా" అను ప్రత్యయము, ఊహించినదానికి "జిగ్" అను ప్రత్యయము ఆమ్దోలో కలవు. మోతె రైతు తెల్లవాఱ లేచి, "రాత్రి వాన పడ్డది" అనిన చూచినాడని, "పడ్డదంట" అనిన విన్నాడని, "పడ్డట్టున్నది" అనిన తడిసిన నేల చూచి తెలిసికొన్నాడని మనకు అర్థమగును గదా. మనకు ఇది ఇష్టమున్న వాడుక. వారికి వ్యాకరణ నియమము. ఎట్లు తెలిసినదో చెప్పక ఏమి జరిగినదో చెప్పుటకు ఆ భాషలో వీలు కలుగదు. సత్యమునకు ఇంత జాగరూకతతో కాపు పెట్టిన భాషను తక్కువ చేసి చూచుట ఎట్లు?

లాసావారు ఆమ్దో మాటను మోటు మాట యందురు. దానికి హేతువు మర్యాదాపదములు. లాసాలో పెద్దల తలకు ఒక మాట, సామాన్యుల తలకు ఒక మాట. పెద్దల చేతికి ఒక మాట, మన చేతికి ఒక మాట. ఈ గౌరవభాష ప్రభువుల కొలువులో పెరిగినది. గుడారముల నుండు ఆమ్దో ప్రజలకు అది అంతగ అబ్బలేదు. ఎదురైన వారిని వారు "ఛో దెమో" యని పలుకరింతురు. నీవు క్షేమమా యని దాని భావము. మోతెలో "బాగున్నవా?" అని అడిగినవాని మాటలో గౌరవము లేదని ఎవడనగలడు?

మోటుదని పేరుపడిన ఈ పలుకుబడి గల గడ్డ కనిన వారెవరో చూడుడు. డేపుంగ్ స్థాపకుని గురువగు చోంగ్‌ఖాపా 1357లో ఆమ్దోలోని చోంగ్‌ఖా లోయలో జన్మించెను. టిబెట్టు బౌద్ధమును సంస్కరించిన మహాపురుషు డతడు. నేటి దలైలామా 1935లో జన్మించినది ఆమ్దోలోని తక్‌చేర్ గ్రామమున. 1903లో రెబ్‌కొంగ్ సీమలో పుట్టిన గెందున్ ఛోఫెల్, 1934లో మన దేశపు యాత్రికపండితుడగు రాహుల్ సాంకృత్యాయనునితో కలిసి భారతదేశమునకు వచ్చి, పండ్రెండేండ్లు ఇచ్చట సంచరించి, సంస్కృతము నేర్చి, కాళిదాసుని శాకుంతలమును తన భాషలోనికి తెచ్చెను. పద్యఛందస్సులు మాత్రమే రాజ్యమేలుచున్న టిబెట్టు కవిత్వములో 1983లో ముక్తఛందమును ప్రవేశపెట్టిన దొందుప్ గ్యల్ ఆమ్దోవాడే. ముప్పదిరెండేండ్లకే 1985లో గతించెను. పెమా చేదెన్ అను దర్శకుడు కాపరుల నోటి ఆమ్దో మాటతోనే చలనచిత్రములు తీసి లోకమునకు చూపి, 2023లో స్వర్గస్థుడయ్యెను.

ఈ భాషతో మనకు గల సంబంధము ఒక విహారపు పేరుతో ముగియదు. ఆచార్య నాగార్జునుని పేరు మన జిల్లాలో పామరుడును ఎఱుగును. మిర్యాలగూడ పొలములకు నీరిచ్చు సాగరము ఆ పేరుతోనే యున్నది. ఆ మహనీయుడు తనకు మిత్రుడగు శాతవాహన రాజునకు ధర్మమును బోధించుచు 123 శ్లోకములతో లేఖ వ్రాసెనని సంప్రదాయము. దాని పేరు సుహృల్లేఖ. ఆంధ్రదేశపు రాజున కుద్దేశించిన ఆ లేఖ సంస్కృతమూలము కాలగర్భమున గలిసినది. మిగిలినవి చీనీ అనువాదములును టిబెట్టు అనువాదమును. ఆచార్యుని వేఱొక గ్రంథము రత్నావళి సంస్కృతమున ముక్కలుగ దొరకినది. టిబెట్టు భాషలో అది సంపూర్ణముగ నున్నది. బౌద్ధతార్కికుడగు దిఙ్నాగుని ప్రమాణసముచ్చయమును మనకు దక్కించినదియు ఆ భాషయే. వాదములను ఖండించు నాగార్జునుని విగ్రహవ్యావర్తని యొక్క సంస్కృత ప్రతిని రాహుల్ సాంకృత్యాయనుడు 1930లలో టిబెట్టు విహారమున కనుగొనువఱకు, ఆ గ్రంథము మూలమును ఈ దేశమున చూచినవారు లేరు. నాగార్జునుని టిబెట్టువారు లుడుప్ అందురు. లు అనగా నాగము. ఆమ్దో విహారములలో బాలభిక్షువులు నేటికిని ఆయన వాక్యములను కంఠస్థము చేసి, చేతులు చఱచుచు తర్కము సలుపుచున్నారు.

1959 పిమ్మట టిబెట్టు ప్రజలలో వేలకొలది మన దేశమునకు శరణార్థులై వచ్చిరి. కర్ణాటకములో బైలకుప్పె, ముండుగోడు ప్రాంతములలో వారికి స్థలములు లభించినవి. డేపుంగ్ విహారము ముండుగోడులో మరల వెలసినది. ధాన్యకటకపు పేరు హిమాలయములను దాటి పోయి, అయిదువందల యేండ్లకు పైబడిన పిమ్మట దక్షిణాపథమునకే తిరిగివచ్చినది. మన శ్రీకాకుళమునకు పొరుగున ఒడిషాలోని గజపతి జిల్లా చంద్రగిరిలో 1963లో ఒక నివేశము ఏర్పడినది. చలికాలము రాగానే హైదరాబాదు విజయవాడల వీథులలో ఉన్నిదుస్తులు పఱచుకొని కూర్చుండు టిబెట్టు స్త్రీలను మనము చూచుచున్నాము. బేరమాడునపుడు తెలుగులోను హిందీలోను మాటలాడి, ప్రక్కనున్న తమవారితో వారు మాటలాడుకొను భాష మిక్కిలిగ లాసా పలుకునకు దగ్గఱయైనది. ప్రవాసమున అన్ని సీమలవారును కలిసి బ్రతుకవలసి వచ్చుటచే ఆమ్దో సంతతి పిల్లలు కూడ దానినే నేర్చుచున్నారు. పడమట లదాఖు, బల్తిస్థానములలోని పలుకుబళ్లు మాత్రము ఆమ్దోవలెనే పాతధ్వనులను నిలుపుకొన్నవి. నెత్తురును "ఖ్రగ్" అని వ్రాసినపుడు, ఆ రేఫమును నేటికిని స్పష్టముగ పలుకువాడు బల్తీ ముసల్మాను. మతము మాఱినను అతని నోట పూర్వాక్షరము మాఱలేదు.

సొంత గడ్డమీద ఆమ్దో మాటకు కష్టకాలము వచ్చినది. బడిలో చైనా భాష పెరుగుచున్నకొలది తల్లిభాష తఱుగుచున్నది. 2010 అక్టోబరులో, పాఠములు చైనా భాషలోనే చెప్పవలెనను ప్రతిపాదన వినబడగానే, రెబ్‌కొంగ్ సీమలో వేలకొలది విద్యార్థులు వీథులలోనికి వచ్చి, తమ భాషను తమకు నిలుపుడని వేడికొనిరి. వారు కోరినది రాజ్యము కాదు. తరగతి గదిలో తమ మాట.

ఈ కథ యంతయు మోతె పాఠకునకు ఎందులకు చెప్పవలె నన్నచో, మన ఇంటికడ కూడ ఇట్టి నిధులు గలవు గనుక. కోస్తావారు "చేశావా, పోయావా" అనుచోట మన ఊరివారు "చేసినవా, పోయినవా" అందురు. "ఉంది" అనుచోట "ఉన్నది" అందురు. చిన్నయసూరి కాలపు గ్రంథభాషలోని "చేసినావు" అను రూపమునకు దగ్గఱగ నున్నది మన రైతు నోటి మాటయే. అయినను పట్నపు కళాశాలలో చేరిన మన పిల్లవాడు ఆ మాట పలుకుటకు సిగ్గుపడుచున్నాడు. మన చుట్టునున్న తండాలలో లంబాడీలు మాటలాడు గోర్‌బోలికి సొంత లిపి లేదు. జనాభా లెక్కలలో దానిని హిందీ పద్దులో కలిపి వ్రాయుదురు. తండా పిల్ల బడికి వచ్చిన తొలినాడే తల్లిమాటను వాకిట విడిచి రావలసిన స్థితిలో నున్నది.

సుహృల్లేఖను మనము దాచుకొనలేకపోతిమి, దాచిపెట్టినవారు పరదేశీయులు. మన నోటి మాటను దాచుటకు మాత్రము పరదేశీయులెవరును రారు. కావున చదువరులకు నా మనవి యొకటే: ఇంట ముసలమ్మ యున్నచో, తండాలో ముసలి బాపు ఉన్నచో, వారు పలుకు మాటలను ఒక నోటుపుస్తకములో పలికినది పలికినట్లే వ్రాసియుంచుడు. వినవచ్చు ప్రతి హల్లును వ్రాయుడు. మీ చెవికి అది తప్పని తోచినను దిద్దకుడు.